పక్కటెముకల కప్ప

కడప బస్టాండులో మా పాత కాలేజీ అటెండరు ఎదురై, "కప్పల సారు పోయినాడు సామీ" అన్నప్పుడు నేను చేసిన మొదటి పని నా వీపు తడుముకోవడం. ఏడుపు తర్వాత ఎప్పుడో వచ్చింది.

ఆయనతో కొన్నాళ్ళు మెలిగినవాళ్ళెవరైనా అదే చేసి ఉంటారు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే లోకమంతా భుజం తడుతుంది. ఈయన మెడ కింద బొటనవేలు ఆనించి, వెన్నుపూసల్ని ఒక్కొక్కటే నొక్కుకుంటూ నడుము దాకా దిగి, "అన్నీ ఉండాయి, పో" అనేవాడు. పరీక్షలకు ముందు అది దీవెన అనుకుని పిల్లలు చొక్కాలు సర్దుకుని వరుసలో నిలబడేవాళ్ళు. నన్ను చూడ్డానికి వచ్చిన మా అమ్మ అది నడుంనొప్పి మంత్రమనుకుని, నాకూ వెయ్యి నాయనా అని వీపు తిప్పింది. వేశాడు. తగ్గిందని ఆమె బతికినన్నాళ్ళూ చెప్పుకుంది. మంత్రమూ లేదు మన్నూ లేదు, మీ అమ్మ ఆ పొద్దు నీళ్ళబిందె మోయలేదు, అంతే అనేవాడు ఆయన.

పేరు రాయను. పేర్ల మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. సీసా మీద చీటీకి పేరు కావల్ల గానీ తిరిగే మనిషికి ఎందుకప్పా అనేవాడు. ఊరు కూడా ఆయన మాటే నిలబెట్టి కప్పల సారు అనే పిలిచింది. జీతం పట్టీలో ఉన్న పేరు పెట్టి పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కూడా కాదు.

ఆయన జంతుశాస్త్రం, నేను తెలుగు. ఏదో పుణ్యం కొద్దీ ఒకే ఇంట్లో పడ్డాం. అప్పట్లో అనంతపురంలో బ్రహ్మచారికి ఇల్లు దొరకడమే కష్టం. వంటింట్లో కప్పల్ని ఉడకబెట్టే బ్రహ్మచారికి ఎవరిస్తారు? అప్పటికే రెండిళ్ళ నుంచి ఆయన్ను సామానుతో సహా బయటికి పంపారు. ఒక ఇంటావిడ పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసి, ఆ మూత పట్టుకునే పుట్టింటికి పోయిందని చెప్పుకునేవాళ్ళు. చివరికి మా ప్రిన్సిపాల్, తెలుగు పండితుడు పక్కనుంటే మర్యాదగా కనిపిస్తుందని, నన్ను జతచేసి నాగక్క ఇంటి వెనక భాగం ఇప్పించాడు. నన్ను అగరొత్తిలాగా వాడుకున్నారన్నమాట.

నాగక్క భర్త పోయిన మనిషి. ముందు గదిలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ చేసి అమ్మేది. పెరట్లో ఒక పాముపుట్ట. నాగులచవితికి దానికి పాలు పోసేది, మిగతా రోజుల్లో మా ఇద్దరికీ చీవాట్లు పోసేది. నెలకొకసారి, ఈ ఎముకల సంత ఎత్తుకుని పొండప్పా అనేది. మళ్ళీ తెల్లారి ఉగ్గాని పళ్ళెం తానే తెచ్చి గడప మీద పెట్టేది.

అనంతపురంలో కూర్చుని కప్పల మీద పరిశోధన చేయడమంటే సముద్రం లేని ఊళ్ళో పడవలు కట్టడమే. మబ్బు పడితే జనం పనులాపి బయటికొచ్చి చూసే ఊరది. ఆ మాటే అంటే, ఊరికే దొరికే దాని మీద పని చేసేకి నేనేమన్నా తెలుగు పండితుణ్ణా అని నా నోరు మూయించాడు.

మామూలు కప్పలైనా నయం. ఆయన ప్రాణం ఆదిమ కప్పల మీద. అవి న్యూజిలాండులో ఏదో కొండవాగు దగ్గర ఉంటాయట. ఈయన బొమ్మలో చూడ్డమే. ఆ బొమ్మను నాకు నాగక్క ఉగ్గాని పళ్ళెంలో బోధించాడు. బొరుగులు వరుసగా పేర్చేవాడు. ఇది మన కప్ప వెన్ను. తుంటిని మోసే పూసకు ముందు ఎనిమిది పూసలు, వెనక ఒక పొడుగు పుల్ల, అయిపోయింది. పక్కటెముకలు లేవు. ఆ ఆదిమ కప్పకు పూస ఒకటి ఎక్కువ. పూసలకు రెండు వైపులా గుంతలు. మెడ దిగువ పూసల పక్కన చిన్న చిన్న పక్కటెముకలు. వాటికి ఆయన ఉగ్గానిలోని కరివేపాకు ఈనెలు వాడేవాడు. పాఠం అయ్యేసరికి ఉగ్గాని చల్లారిపోయేది. నాగక్క వచ్చి, తినే దాంతో ఆటలేందని పళ్ళెం లాక్కునేది.

ఆ కప్పలో ఆయనకు ఎముకల కన్నా ముద్దొచ్చిన సంగతి ఇంకొకటుంది. పెద్దయ్యాక దానికి తోక ఉండదు. తోక ఊపే కండ మాత్రం ఉంటుంది. ఈ ముక్క చదివిన రోజు నుంచీ ఆయనకు లోకం అర్థమైపోయింది. కలెక్టరు కాలేజీకి వచ్చిన రోజు మేమంతా గేటు దగ్గర వంగి నిలబడితే, నా చెవి దగ్గర మెల్లగా, "తెల్లోడు పోయినాడు. వాని ముందర ఊపిన కండ మాత్రం యాడికీ పోలేదు సూడప్పా" అన్నాడు. నేను నవ్వాపుకోలేక దగ్గాను. ప్రిన్సిపాల్ మా ఇద్దరి వైపూ చూశాడు. ఆ ఏడాది మా ఇద్దరికీ హాస్టలు వార్డెన్ గిరీ తగిలింది.

పెళ్ళి చేసుకోలేదా అంటే, చేయనివ్వలేదు ఆయన నోరు. ధర్మవరంలో పట్టుచీరలు నేయించే ఇల్లు, మంచి సంబంధం. నేనే వెంట పోయాను. పిల్ల తండ్రి మర్యాదగా, తమరు ఏం చేస్తుంటారని అడిగాడు. లెక్చరర్ అంటే సరిపోయేది. ఈయన కప్పల తోలు ఎట్లా ఒలవాలో, కీళ్ళు ఊడకుండా కండ ఎట్లా తీయాలో మొదలుపెట్టాడు. లోపల ఏదో గిన్నె కింద పడింది. తిరుగు బస్సులో, ఆ పిల్ల తండ్రికి గూని వస్తాండాది, ఎవరూ చెప్పినట్టు లేరు అని బాధపడ్డాడు.

ఇవన్నీ నవ్వుకునే మాటలు. ఆయన నవ్వని సంగతి ఒకటి ఉంది. మన కప్పల్లో కూడా వేయింటికొకటి తాతల్ని తలుచుకుంటుందని ఆయన నమ్మకం. అంటే ఎప్పుడో పోయిన పక్కటెముకలు ఏదో ఒక కప్పకు మళ్ళీ మొలుస్తాయని. ప్రాక్టికల్ పరీక్షలకు మద్రాసు నుంచి వచ్చే ప్రొఫెసరు ఈ మాట విని, పదిమందిలో నవ్వాడు. పోతూ పోతూ, ఒక్కటి చూపించు, మా దగ్గర పరిశోధనకు చోటిస్తాను అన్నాడు. ఆయన తమాషాకే అన్నాడో ఏమో. ఈయన మాత్రం ఆ మాటను కొంగున కట్టుకున్నాడు. అప్పటి నుంచి ఎక్కడ బావి పూడిక తీస్తున్నా అక్కడ ఉండేవాడు. పార పట్టుకున్నవాళ్ళు మట్టి తోడుతుంటే, ఈయన గట్టున గొంతుక్కూర్చుని, బురదలోంచి వచ్చిన కప్పల వీపులు తడుముతుండేవాడు.

అట్లా తడమగా తడమగా, వరసగా రెండేళ్ళు వానల్లేని కరువులో, పామిడి దగ్గర ఒక పల్లెబావి అడుగున దొరికింది. కప్పను ఇంటికి తెచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, నా వేలు దాని వీపు పక్కన పెట్టాడు. చర్మం కింద సన్నగా ఏదో గుచ్చుకుంది. నాకు తెలిసిన కప్పల్లో అది లేదు. ఆయన వైపు చూస్తే కళ్ళలో నీళ్ళు. కప్పను పట్టుకుని ఏడ్చే మనిషిని ఎట్లా ఓదార్చాలో మా తెలుగు గ్రంథాల్లో ఎక్కడా లేదు. నేను కాఫీ పెట్టాను.

మద్రాసు ప్రొఫెసరు ఆ వారంలోనే వస్తున్నాడు. ఉడకబెడితే ఆ చిన్న ఎముకలు ఊడిపోతాయి. కీళ్ళు కదలకుండా శుభ్రం చేయగలిగినవి చీమలే అన్నాడు సారు. దాన్ని మత్తులో చంపి, తోలు ఒలిచి, వీలైనంత కండ తీశాడు. వెన్ను వంగకుండా ఎండాలి కాబట్టి తిన్నటి కట్టె కావాలి. కరువుకు పెరట్లో ఉన్న కట్టెలన్నీ పొయ్యిలోకి పోయాయి. మిగిలింది నాగక్క విరిగిన రోకలి ఒక్కటే. కప్పను దానికి కట్టాడు. కాకులు పొడవకుండా, చీమలు మాత్రం దూరేట్టు పలుచటి గుడ్డ చుట్టాడు. ఈగలు ముసరకుండా పైన వేపమండలు కట్టాడు. పుట్ట పక్కన చీమల బారు దగ్గర పెట్టి, తెల్లారి మేమిద్దరం కాలేజీకి పోయాం.

చదివేవాళ్ళలో రాయలసీమ వాళ్ళుంటే ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళకు చెబుతాను. వానలు పడనప్పుడు మా వైపు బతికున్న కప్పను గుడ్డలో చుట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇద్దరు మోస్తూ ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద కుండెడు నీళ్ళు పోస్తారు. కప్పతల్లి అంటారు. చివర దాన్ని నీళ్ళలో వదులుతారు. కప్ప అరిస్తే వాన వస్తుంది. ఆ సంగతి మా కప్పల సారుకు తెలియదా అంటే, చిన్నప్పుడు తానే మోసిన మనిషి. కానీ ఆ రోజు ఆయన కళ్ళకు రోకలి కనబడలేదు, వేపాకు కనబడలేదు. కనిపించిందల్లా ఆ పక్కటెముకలు.

సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి డప్పు. మా వీధి ఆడవాళ్ళంతా బయటే ఉన్నారు. మధ్యలో రోకలి. చుట్టూ పసుపు, కుంకుమ. మైలు అవతల చెలమ నుంచి మోసుకొచ్చుకున్న నీళ్ళు ఇంటికొక కుండ చొప్పున ఆ గుడ్డ మీద పడుతున్నాయి. సారు చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. ఆ పట్టు నాకిప్పటికీ గుర్తుంది.

ఇంకా మించిపోలేదు. నాలుగడుగులు వేసి, అమ్మా అది నా పరీక్షల కప్ప అని గుడ్డ విప్పుకుంటే చాలు. నరాలు ఎండాయి కాబట్టి ఎముకలు ఇంకా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. నేనదే ఆయన చెవిలో చెప్పాను. ఆయన నాలుగడుగులూ వేశాడు.

నాగక్క ఎదురొచ్చింది. నెలకొకసారి మమ్మల్ని వెళ్ళగొట్టే నాగక్క, చేతుల్లో కుండతో, మెల్లగా మాట్లాడింది.

"సారూ, నీకు దేవుడంటే లెక్కలేదనుకుంటిమి. పుట్టకాడ చూస్తే నువ్వే కట్టి పెట్టినావు. కడాపటి కుండ కట్టినోని చేతిదే. నువ్వే పొయ్యల్ల."

ఆయన కుండలోకి చూశాడు. రోకలి వైపు చూశాడు. కుండ అందుకుని, తన కప్ప మీద తనే నీళ్ళు పోశాడు. నెమ్మదిగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోశాడు. డప్పు మోగింది. పిల్లలు కప్పలాగా అరిచారు. ఎవరో ఆయన నుదుటికి పసుపు రాశారు. వదిలేది నేనొక్కదాన్నే పోతా, కట్టినోడు వెంట రాకూడదని నాగక్క రోకలి ఎత్తుకుని చీకట్లోకి నడిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నేళ్ళ పని, మద్రాసు చోటు, అన్నీ వీధి మురుక్కాలవ పాలు. ఇంటికి రాగానే, ఊరందరికీ తోక కండ చూపిస్తావు, ఈ పొద్దు ఊపింది నీదే కదా అన్నాను. ఎంత మాటన్నా తిరిగి రెండనే మనిషి, నుదుటి పసుపు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆయమ్మ కుండలో అడుగు కనపడతాండె గదప్పా" అన్నాడు చివరికి. "ఆ నీళ్ళు పోసినంక ఆ ఇంట్లో తాగేకి ఏముండాది? ఇది ఉత్త ఎముకలమ్మా అని ఎట్ల చెప్పేది?"

తెల్లారి నాగక్కను అడిగితే, ఊరి బావిలో వదిలినానంది. ఈయన నడుముకు మోకు కట్టించుకుని బావిలోకి దిగాడు. ఆ మోకు పట్టినవాళ్ళలో నేనొకణ్ణి. మొక్కు పూర్తి కావడానికి దిగుతున్నాడనుకుని జనం గట్టు మీద దణ్ణాలు పెట్టారు. మోకాటి లోతు బురదంతా దేవాడు. ఒక చెప్పు, ఒక చెంబు, ఎవరిదో ఉంగరం దొరికాయి. ఉంగరం పోగొట్టుకున్నామె ఆయన కాళ్ళకు మొక్కింది. కప్ప దొరకలేదు.

ప్రొఫెసరు వచ్చాడు. ఏదీ మీ పక్కటెముకల కప్ప అన్నాడు. వానకు ఇచ్చినాను సార్ అన్నాడు మావాడు. వచ్చిందా వాన అని అడిగాడాయన. లేదన్నాడు. ఆ రెండు మాటల్నీ ప్రొఫెసరు కాఫీల దగ్గర అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పి నవ్వించాడు. నవ్వినవాళ్ళలో తోక కండ గలవాళ్ళంతా ఉన్నారు. చోటు మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

వాన తర్వాత పడింది. మాకు కాదు, పామిడి దిక్కు.

అయినా వీధికి ఆయన మీద భక్తి తగ్గలేదు. వాన పక్కకు పోయింది గానీ దారి పట్టింది కదా అన్నారు. ఆ పైన ఎప్పుడు వానలు ముఖం చాటేసినా కప్పతల్లిని కట్టమని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. దేవుడూ లేడు దయ్యమూ లేదని తిడుతూనే కట్టేవాడు. బతికున్న కప్పకు నొప్పి కలగకుండా, గుడ్డ తడిపి, ఊపిరాడేట్టు కట్టేవాడు. కట్టేటప్పుడు దాని వీపు తడిమేవాడు. ఒక్కో ఏడూ ఆయన వేలు ఆ పక్కల దగ్గర ఆగడం, మళ్ళీ కదలడం నేను చూసేవాణ్ణి. తర్వాత నాకు బదిలీ అయింది. ఆయన ఆ గదిలోనే ఉండిపోయాడు. నాగక్క పొమ్మనడం మానేసిందని ఒకసారి ఎవరో చెబితే నమ్మలేదు.

అటెండరు చెప్పిన మర్నాడు నేను పోయేసరికి దహనం అయిపోయి, ఎముకలు ఏరే రోజు వచ్చింది. ఆయన మేనల్లుడు కర్మ చేశాడు. కుర్రాడు మంచివాడే. కానీ గబగబా ఏది దొరికితే అది కుండలో వేస్తున్నాడు. జీవితమంతా ఏ ఎముక ఏ పక్కదో చూసిన మనిషిని అట్లా కలగాపులగంగా కుండకెత్తుతుంటే నా నోరు ఊరుకోలేదు. కొంచెం నిదానంగా నాయనా అన్నాను. "ఏదైతే ఏమి సార్, అన్నీ పెన్నలోకే కదా" అన్నాడు. అదీ నిజమే.

తిరిగొచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నాగక్క వచ్చి గట్టు మీద కూర్చుంది. ముసలిదైంది. ఎముకలు ఏరినారా అని అడిగింది. ఏరామన్నాను.

"ఈడ ఇంకొకరివి ఉండాయి అయివారూ" అని పుట్ట వైపు చూపించింది.

నాకర్థం కాలేదు. ఆమె చెప్పుకుపోయింది. ఆ రోజు వదలడానికి పోయి గుడ్డ ముడి విప్పితే లోపల ఎముకలు. అప్పుడు అర్థమైందట, ఇది కప్పతల్లి కాదు, సారు పని అని.

"సచ్చిన కప్పకు నీళ్ళు పోయించినాడని వీధికి తెలిస్తే, వాన రాకపోయేది ఈ యప్ప పాపమే అని తరుముదురు. అందుకే బావిలో ఇడిస్తినని చెప్తి. ముంతలో పెట్టి ఈడ పూడిస్తి. ఆయప్ప బావిలోకి దిగుతాంటే నోటిదాంక వచ్చె. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడునని ఊరకుంటి."

ఆయన ఆమె కుండ అడుగు చూసి నోరు మూసుకున్నాడు. ఆమె ఆయన పరువు చూసి నోరు మూసుకుంది. ఒకే గోడకు అటూ ఇటూ ఇన్నేళ్ళు బతికారు. ఆయన కిటికీలోంచి చూస్తే ఆ పుట్ట కనిపిస్తుంది. నాకు ఇద్దర్నీ తిట్టాలనిపించింది. తిట్టడానికి ఒకరే మిగిలారు, ఆమె ఏడుస్తోంది.

తవ్వాను. ముంత చెక్కుచెదరలేదు. గుడ్డ పోగులు పోగులుగా విడిపోయింది. ఎముకలు పసుపు రంగు పట్టాయి. ఆమె ఉగ్గాని పళ్ళెం తెస్తే అందులో పరిచాను. కరివేపాకు ఈనెల పాఠం ఊరికే పోలేదు. మెడ దగ్గర మొదలుపెట్టి, గోటితో ఒక్కొక్క పూసా దాటించాను. తుంటికి ముందు ఎనిమిదే. మన కప్పే. కానీ మెడ దిగువన రెండు పూసలకు రెండు పక్కలా, చేపముళ్ళలాగా సన్నగా, నాలుగు పక్కటెముకలు.

"అన్నీ ఉండాయా?" అంది నాగక్క.

అన్నీ ఉన్నాయని చెప్పాను. చెప్పి ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

మేనల్లుడు అస్థికలతో పామిడి బస్సు ఎక్కుతున్నాడు, ఇవీ ఆయప్పతో పాటు పెన్నలో కలిపితే పుణ్యం కదా అంది ఆమె. వద్దన్నాను. ఈ ఎముకలు ఏట్లో కలిపామని తెలిస్తే ఆయన పెన్నలోంచి లేచొచ్చి ఇద్దర్నీ వాయిస్తాడన్నాను. ఆ మాటకు ఆమె ఏడుపులోనే నవ్వింది.

ఆయన ఎముకలు ఎవరూ లెక్క చూడకుండానే ఆ సాయంత్రం పెన్నలో కలిశాయి. కప్పను నేను కాలేజీకి తీసుకుపోయాను. అటెండరు తాళం తీసి, అద్దాల అల్మారాలో మంచి సీసా ఒకటి ఖాళీ చేసిచ్చాడు. పక్కటెముకలు చూసేవాళ్ళకు కనబడేట్టు తిప్పి పెట్టాం. ఇంక చీటీ అంటించాలి. సీసా మీద చీటీకి పేరు కావాలి కదా. ఇందులో ఎక్కడా రాయని ఆయన పేరు దాని మీద రాశాను.